ఎడమ వైపు తలుపు

కమలాకర్ పోయిన రెండు నెలలకి, అతను విదేశం నుంచి తెప్పించుకున్న సామాను వచ్చింది.

ద్వారకాపురి కాలనీలో తమ గేటు ముందు కొరియర్ వ్యాను ఆగి, ఇద్దరు మనుషులు మంచమంత అట్టపెట్టెలు దించుతూ ఉంటే సత్యనారాయణ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఇవి మావి కావు బాబూ, ఇల్లు పొరబడ్డారు" అన్నాడు. వాళ్ళు పెట్టె మీద అంటించిన కాగితం చూపించారు. అడ్రసు తమదే. పేరు మాత్రం కమలాకర్‌ది. తానే సంతకం చేసి, పెట్టెలు పోర్టికోలో కారు పక్కన పెట్టించాడు.

ఆయన పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. అమలాపురం వైపు మనిషి. ఎర్రమంజిల్ ఆఫీసుకి బదిలీ మీద వచ్చి పంజాగుట్టలోనే స్థిరపడిపోయాడు. ఒక్కడే కొడుకు, భార్గవ్. ఇంజనీరింగ్ అయ్యాక అందరు పిల్లల్లాగే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరాడు. అక్కడ పక్క బల్ల మీద కూర్చున్నవాడు కమలాకర్. కమలాకర్ తండ్రి శివరాములుది సిరిసిల్ల. మగ్గాలు మూలబడ్డాక పెళ్ళాం బుచ్చవ్వనీ కొడుకునీ తీసుకుని పట్నం వచ్చి, ఆ కోచింగ్ సెంటర్ల కిందే ఒక సందులో టైలర్ షాపు పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలందరి ప్యాంట్లూ అతని చేతుల మీదుగానే పోయేవి. స్నేహితులిద్దరికీ ఒకే కంపెనీలో ఉద్యోగాలొచ్చాయి. అప్పట్లో అమీర్‌పేట మెట్లెక్కి దిగితే చాలు, ఉద్యోగం దొరుకుతుందనే కాలం.

జీతాలు రాగానే ఇద్దరూ కలిసి కొన్నది ఈ కారు. జపాన్‌ది, ఎర్రరంగుది, రెండే తలుపులున్నది. బేగంపేటలో ఎవరిదో బంగళా షెడ్డులో ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి ఉంటే కమలాకర్ ఆచూకీ తీశాడు. అది వస్తోందంటే కాలనీ మొదట్లోంచే చప్పుడు వినిపించేది. కారు ఉండేది సత్యనారాయణ పోర్టికోలోనే. భార్గవ్‌కి నడపడం ఇష్టం. కమలాకర్‌కి దాన్ని సింగారించడం ఇష్టం. ఒక రోజు సత్యనారాయణని పట్టుకుని కారు చుట్టూ తిప్పి చెప్పాడు.

"గీ చక్రాల మీద రేకు ఉన్నది సూడుండ్రి అంకుల్. గది కోసేస్తం. దాని మీద వెడల్పు భుజాలు ఎక్కిస్తం. వైడ్‌బాడీ కిట్ అంటరు. పహిల్వాన్ లెక్క ఉంటది కారు!"

"ఉన్న రేకు కోయడమేంటయ్యా, పిచ్చా?" అని సత్యనారాయణ నవ్వాడు.

తరవాత కొన్నాళ్ళకే, వాన కురుస్తున్న ఒక సాయంత్రం, ఇద్దరూ ఆఫీసు నుంచి వస్తూ ఉండగా బేగంపేట దగ్గర సిగ్నల్ పడినా ఆగకుండా ఎడమ వైపు నుంచి ఒక లారీ వచ్చింది. నడుపుతున్నది భార్గవ్. ఎడమ సీట్లో కమలాకర్. ఆస్పత్రికి చేరేలోపే కమలాకర్ పోయాడు. భార్గవ్ వంటి మీద గీత కూడా పడలేదు. తప్పంతా లారీదేనని పోలీసులు తేల్చేశారు. అందరూ అదే మాట చెప్పారు. చెప్పిన ప్రతివాడి ముందు నుంచీ భార్గవ్ లేచి వెళ్ళిపోయేవాడు.

స్టేషను వాళ్ళు వదిలేశాక కారుని లాక్కొచ్చి పోర్టికోలో పెట్టారు. అప్పటి నుంచి భార్గవ్ ఆఫీసుకి వెళ్ళడం, రావడం, గదిలో తలుపేసుకోవడం. పిలిస్తే పలికేవాడు. పెడితే తినేవాడు. అంతే. సత్యనారాయణ ఆఫీసులో చిక్కుముడి పడిన ఫైలేదైనా విప్పగలడని పేరు. ఇంట్లో మాత్రం కొడుకు గది ముందు నిలబడి, తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, లోపలికెళ్ళి ఏం మాట్లాడాలో తెలీక వెనక్కి వచ్చేసేవాడు.

పెట్టెలొచ్చిన సాయంత్రం భార్గవ్ బూట్లు విప్పకుండానే పోర్టికోలో నేల మీద కూర్చుని వాటిని విప్పాడు. లోపల నల్లటి ఫైబర్ ముక్కలు. చక్రాల మీదకి నాలుగు భుజాలు, ముందుకీ వెనక్కీ బంపర్లు, పక్కలకి పొడుగాటి పట్టీలు. ఒక్కొక్కటే తీసి, తుడిచి, గోడకి ఆనించాడు.

"వాడు ఆర్డరిచ్చినట్టు నాకు చెప్పనే లేదు నాన్నా."

రెండు నెలల్లో కొడుకు తనంత తానుగా అన్న మొదటి మాట అది. సత్యనారాయణ గబగబా మెట్లు దిగి పక్కన కూర్చున్నాడు.

"ఏం చేద్దామంటావు?"

"పెడతాను."

"మెకానిక్కుని పిలిపిద్దామా?"

"వద్దు. నేనే పెడతాను. ఇక్కడే."

ఆ మాట విని సత్యనారాయణ భార్య జానకీదేవి వంటింట్లో గిన్నె దబ్బున పెట్టింది. "పిల్లాడు పోయిన బండి. ఇంట్లో ఉంచుకోవడమే అరిష్టం అంటూంటే, దానికి అలంకారాలు కూడానా? మీరైనా చెప్పరేంటండీ?"

"చెప్పి ఏం చెయ్యమంటావు జానకీ? వాడు గదిలోంచి బయటికొచ్చాడు. మళ్ళీ లోపలికి పొమ్మననా?" అన్నాడు సత్యనారాయణ.

శని, ఆదివారాలు పని మొదలైంది. భార్గవ్‌కి వచ్చిన విద్య కాదది. ఇంటర్నెట్‌లో ఎవరెవరో పెట్టిన ఫోటోలు చూసి, అడిగి తెలుసుకుని, రేకు కోసే గ్రైండరూ డ్రిల్లింగ్ మిషనూ కొనుక్కొచ్చాడు. సత్యనారాయణకి సైకిలు తప్ప ఏ బండీ నడపడం రాదు. పట్టుకోమన్నచోట పట్టుకోవడం, ఎత్తమన్నప్పుడు ఎత్తడం ఆయన పని.

మొదట ఊడదీసింది ఎడమ తలుపు. దాని మధ్యలో పెద్ద గుంట. అందులో గంపెడు మట్టి పోయొచ్చు. అది అలాగే సొట్టతో దేనికీ పనికిరాదని భార్గవ్ బొంబాయిలో ఎవరినో పట్టుకుని అదే రకం కారుది ఇంకో తలుపు తెప్పించాడు, తెల్లరంగుది. పాతది ఊడదీసేటప్పుడు సత్యనారాయణ కింది నుంచి పట్టుకున్నాడు. అది కాస్త వంగగానే లోపల పగిలిన అద్దం ముక్కలు గలగలమంటూ ఒక మూలకి జారాయి. తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భార్గవ్ ఆ తలుపుని ఒక్కడే మోసుకెళ్ళి ఇంటి వెనక నీళ్ళ తొట్టి పక్కన, గుంట గోడ వైపు ఉండేలా నిలబెట్టి వచ్చాడు.

ఆ తరవాత వెనక చక్రం మీది రేకు. నలిగిపోయిన భాగం మీద టేపు అంటించి, గీత గీసి, గ్రైండర్ పెట్టాడు. కాలనీ అంతా చెవులు మూసుకునేంత చప్పుడు. నిప్పురవ్వలు కుంకుడు చెట్టు దాకా ఎగిరాయి. పక్కింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూసి, లోపలికి వెళ్ళిపోయారు. కోసిన రేకు ఖంగుమని కింద పడ్డాక భార్గవ్ దాన్ని కూడా తీసుకెళ్ళి తలుపు పక్కనే పెట్టాడు.

సత్యనారాయణకి పొద్దున్నే తొట్టిలో నీళ్ళు తోడుకుని తులసికి పోయడం అలవాటు. ఆ తలుపు పెట్టాక ఆయన తొట్టి దగ్గరికి తల తిప్పుకుని వెళ్ళేవాడు. గోడ వైపు తిప్పి పెట్టినా అటు ఏముందో ఆయనకి తెలుసు. కొడుకు కూడా వారంలో రెండు మూడుసార్లు అటు వెళ్ళి నిలబడి రావడం చూశాడు. చూసి చూసి, ఒక రోజు భార్గవ్ ఆఫీసుకి వెళ్ళాక, ట్రాలీ ఆటోలో పాత ఇనప సామాన్లు కొనుక్కునే సాయిలు కాలనీలోకి వస్తే కేకేశాడు. సాయిలుది ఎస్.ఆర్. నగర్ వెనక దుకాణం. ఆ వీధిలో అందరూ తుక్కు అతనికే వేస్తారు.

"డబ్బులేం వద్దు. ఇవి ఇక్కణ్ణించి తీసుకెళ్ళిపో చాలు" అన్నాడు సత్యనారాయణ.

సాయంత్రం భార్గవ్ వెనక్కి వెళ్ళి వచ్చాడు. "తలుపు లేదు నాన్నా."

"ఇచ్చేశానురా. ఎన్నాళ్ళని పెట్టుకుంటాం?"

భార్గవ్ కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. తరవాత "ఊఁ" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. జానకీదేవి ఆ మాటకి కళ్ళు తుడుచుకుంది. మంచి పని చేశానని సత్యనారాయణ అనుకున్నాడు.

కుడి వైపు భుజాలు సులువుగానే కూర్చున్నాయి. ఎడమ వెనకది ఎంతకీ కూర్చోలేదు. పైన సరిపోతే కింద వేలు దూరేంత సందు. కింద అదిమితే పైన లేచేది. లోపలి రేకు కూడా లారీ దెబ్బకి లోపలికి పోయిందని అప్పుడు తెలిసింది. భార్గవ్ దాన్ని ఎన్నిసార్లు బిగించాడో, ఎన్నిసార్లు విప్పాడో! ఫైబర్ పొడి పడి ఇద్దరి చేతులూ దద్దుర్లెక్కాయి. చివరికి సందులో ఫైబర్ గుడ్డ పొరలు పొరలుగా అతికి, మీద పుట్టీ పెట్టి, ఎండాక గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నున్నగా చేశాడు.

"వాడైతే ఈ వంకర చూసి నన్ను చంపేసేవాడు" అన్నాడు రుద్దుతూ రుద్దుతూ. నవ్వలేదు గానీ, నవ్వుకి దగ్గరగా వచ్చాడు. సత్యనారాయణ కాగితం ముక్క తీసుకుని రెండో వైపు నుంచి రుద్దడం మొదలుపెట్టాడు. కొడుకు తిరిగొస్తున్నాడని ఆయనకి ఆశ పుట్టింది.

కారంతా అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ కొట్టిన మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. శివరాములు, వెనకాల బుచ్చవ్వ.

కర్మలన్నీ సిరిసిల్లలోనే చేసి, వాళ్ళు ఇన్నాళ్ళూ అక్కడే ఉండిపోయారు. షాపు తెరవక తప్పదని ఆ వారమే వచ్చారు. సత్యనారాయణ ఎదురెళ్ళి, "రండి శివరాములు గారూ, రండమ్మా" అన్నాడు. జానకీదేవి లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంటే బుచ్చవ్వ కదల్లేదు. సన్నటి మనిషి. ముక్కుపుడక తప్ప వంటి మీద ఏమీ లేదు. కళ్ళు పోర్టికో మీదే ఉన్నాయి.

"కూసోను రాలేదమ్మా. గా కారు సూస్తానికొచ్చిన" అంది.

శివరాములు ఇబ్బందిగా కండువా సర్దుకున్నాడు. "ఏమనుకోకుండ్రి సారూ. రోజూ గిదే మాట. వద్దంటె ఇనది."

"నేను ఏమడుగుతున్న? పోలీసోళ్ళు సూసిండ్రు, పేపరోళ్ళు సూసిండ్రు, తొవ్వల పోయెటోళ్ళందరు సూసిండ్రు. నా కొడుకుకు ఏడ తాకిందో నేను సూడలే. తెల్లగుడ్డ సుట్టి ఇచ్చిండ్రు. ముఖం ఒక్కటే సూపెట్టిండ్రు."

భార్గవ్ చేతిలో గరుకు కాగితం అలాగే ఉండిపోయింది. బుచ్చవ్వ కారు దగ్గరికి నడిచింది. చుట్టూ తిరిగింది. వెడల్పాటి భుజాలతో, నున్నటి బూడిదరంగుతో, కారు అప్పుడే కంపెనీలోంచి వచ్చినట్టుంది. ఎడమ వైపు ఆగి, తలుపు మీద అరచెయ్యి పెట్టి, అక్కణ్ణించి వెనక చక్రం దాకా నిమిరింది. మళ్ళీ నిమిరింది. చేతికి ఏమీ తగల్లేదు.

"గిది ఆ కారు కాదు" అంది.

"అదేనమ్మా" అన్నాడు భార్గవ్.

"గట్లయితే తాకిన జాగ ఏడున్నది?"

"కమలాకర్ ఈ కిట్టు తెప్పించాడమ్మా. అది పెట్టాలంటే పాత రేకు... కోసేశాను. తలుపు మార్చాను."

"తీసింది ఏడ వెట్టినవ్ బిడ్డా?"

భార్గవ్ తండ్రి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో సత్యనారాయణకి కనిపించింది. ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

"నేను ఇచ్చేశానమ్మా. పాత ఇనుముకి. వాడు చూసి బాధపడుతున్నాడని..."

బుచ్చవ్వ కోప్పడలేదు. "బాధ వడ్తడని" అని ఆ మాటనే నెమ్మదిగా తిప్పి అంది. "నన్ను సుత ఒక్కసారి అడిగితే అయిపోవు గద సారూ."

తిట్టినా బాగుండేదని సత్యనారాయణకి అనిపించింది. "పదండి. వాడి దుకాణం నాకు తెలుసు. ఉండే ఉంటుంది" అన్నాడు. ఉంటుందని ఆయనకి నమ్మకం లేదు. కానీ అక్కడ అలా నిలబడి ఉండడం ఆయన వల్ల కాలేదు.

ఆటోలో వెనక ముగ్గురూ సర్దుకున్నారు. భార్గవ్ డ్రైవరు పక్కన అంచు మీద కూర్చున్నాడు. అమీర్‌పేట చౌరస్తాలో ఆదివారం కూడా పిల్లలు కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పట్టుకుని గుంపులుగా నడుస్తున్నారు.

సాయిలు దుకాణం ముందు తుక్కు రోడ్డు మీదకి పొర్లుకొచ్చి ఉంది. సైకిల్ చట్రాలు, కూలర్ల డొక్కులు, ఒక పక్కన కార్ల తలుపులూ బానెట్లూ గుట్టగా. సత్యనారాయణ చెప్పింది విని సాయిలు తల గోక్కున్నాడు.

"ఎర్ర తలుపా? అరె సార్, అది ఎప్పుడో ఎత్తిండ్రు గద. లారీ నిండంగనే భట్టీకి పంపుడే. కరిగిపోయుంటది. కావాల్నంటె ముందుగాల జెప్పాలె."

బుచ్చవ్వ ఆ మాట విననట్టే గుట్ట దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క తలుపూ తిప్పి చూడసాగింది. రేకు అంచులు గీసుకుపోతాయని శివరాములు వారించబోయాడు. వినలేదు. భార్గవ్ కూడా వెళ్ళి, బరువైనవి ఆమె కోసం ఎత్తి పట్టుకున్నాడు, లేదని తెలిసి కూడా.

శివరాములు సత్యనారాయణ దగ్గరగా జరిగాడు. గొంతు తగ్గించి, "సారూ, మీ కాళ్ళు మొక్కుత. ఏదో ఒకటి సూపెట్టి గిదే అనుండ్రి. సూసి ఏడుస్తది. ఏడిస్తెనన్న జర నిమ్మలమైతది. ఇంతవరకు ఏడ్వలే అది" అన్నాడు.

గుట్ట అడుగున ఒక ఎర్ర తలుపుంది. ఏదో మామూలు కారుది. మధ్యలో సొట్ట. సత్యనారాయణ జన్మలో దొంగ సంతకం పెట్టనివాడు. శివరాములు మొహం చూశాడు. వంగి, ఆ తలుపు మీది తుక్కు తప్పించి, "అమ్మా, ఇదిగో. ఇదే" అన్నాడు.

బుచ్చవ్వ వచ్చి గొంతుక్కూర్చుంది. ఆ సొట్టలో చెయ్యి పెట్టింది. చెయ్యి మునిగేంత లోతుంది అది. ఆమె భుజాలు ఒక్కసారి వణికాయి.

"అది కాదమ్మా" అన్నాడు భార్గవ్.

"ఒరే..." అన్నాడు సత్యనారాయణ.

"కాదు నాన్నా. అది కాదు. మనది ఇంతకంటే..." అన్నాడు.

శివరాములు తల దించుకున్నాడు. బుచ్చవ్వ మొగుడి వైపూ, సత్యనారాయణ వైపూ చూసింది. అర్థమైంది ఆమెకి. అయినా చెయ్యి తీయలేదు.

"ఇందుల కూసున్నోళ్ళు బతికిండ్రా?" అని సాయిలుని అడిగింది.

"నాకేమెర్క అమ్మా? ఇనుము వస్తది, ఇనుము పోతది. మనుషుల సంగతి మాకెవ్వలు జెప్తరు?"

ఆమె లేచి చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంది. తుప్పు అంటుకుని కొంగు ఎర్రబడింది. భార్గవ్ ముందుకొచ్చి నిలబడింది. అతని కంటే చాలా పొట్టి మనిషి. తలెత్తి చూడాల్సి వచ్చింది.

"ఇనుము లేకపాయె. నువ్వున్నవు గద బిడ్డా. ఆఖరికి నా కొడుకు పక్కన ఉన్నది నువ్వు. ఒక్కనాడు నా దగ్గరికి రాకపోతివి. ఫోన్ల సుత మాట్లాడకపోతివి. నువ్వు జెప్పు. ఏడ తాకింది, ఏమన్నడు, అమ్మా అన్నడా, ఏమన్న అన్నడా, అననే లేదా? నువ్వు జెప్పు."

భార్గవ్ రోడ్డు వైపు చూశాడు. ఇన్ని నెలలూ ఎవరు కదిపినా లేచి వెళ్ళిపోయే పిల్లవాడు ఇప్పుడు కూడా రోడ్డెక్కి వెళ్ళిపోతాడని సత్యనారాయణ భయపడ్డాడు. అడ్డం వెళ్ళి, "అమ్మా, వాణ్ణి ఇప్పుడు..." అనబోయాడు. శివరాములు ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సారూ. ఆళ్ళను మాట్లాడుకోనియ్యుండ్రి. మన తోని అయ్యేది లేదు."

అవతల ఒక నూనె డ్రమ్ము బోర్లించి ఉంది. బుచ్చవ్వ భార్గవ్ చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టింది. తను ఎదురుగా ఇటుకల మీద కూర్చుంది. భార్గవ్ పెదవులు కదలడం కనిపించింది. ఆటోల హారన్లలో మాటలు వినిపించలేదు. వాడి కుడి చెయ్యి స్టీరింగ్ పట్టుకున్నట్టు గాలిలోకి లేచింది. ఎడమ చెయ్యి పక్కకి వెళ్ళింది. ఆ చేత్తో తన పక్కటెముకల మీద ఒకచోట చూపించాడు. బుచ్చవ్వ వంగి, ఆ చోటే తన అరచెయ్యి ఆనించింది. తల ఊపుతూ వింది. ఒకచోట ఏదో అడిగింది. వాడు చెప్పాడు. అప్పుడు ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. వాడు కూడా.

ఇద్దరు తండ్రులూ తుక్కు గుట్ట పక్కన నిలబడి చూస్తూ ఉన్నారు. దగ్గరికి వెళ్ళడానికి లేదు, వదిలి వెళ్ళడానికి లేదు. మధ్యలో సాయిలు వచ్చి, "ఇంకేమన్న ఉన్నదా సార్ ఇంట్ల, పాత సామాను?" అని అడిగాడు. సత్యనారాయణ లేదన్నట్టు తలూపాడు.

ఆ తరవాత భార్గవ్ వాళ్ళతోనే అమీర్‌పేట వైపు నడిచి వెళ్ళాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, అంతే. సత్యనారాయణ ఒక్కడే ఇంటికొచ్చాడు.

"వాడేడీ?" అంది జానకీదేవి గుమ్మంలోనే.

"వాళ్ళింటికెళ్ళాడు."

"అన్నం తింటాడా అక్కడ?"

"తెలీదు జానకీ."

పొద్దుగూకే వేళకి భార్గవ్ వచ్చాడు. తినే వచ్చానన్నాడు. ఆ పైన ప్రతి ఆదివారం అమీర్‌పేట వెళ్ళేవాడు. వచ్చాక కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు మళ్ళీ తలుపేసుకునేవాడు. కారుకి రంగు వెయ్యలేదు. మళ్ళీ దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఎడమ వెనక భుజం దగ్గర పుట్టీ సన్నగా నెర్రె ఇచ్చింది. ఎవరో కుర్రాళ్ళు అడిగితే భార్గవ్ ఆ కారుని ఇచ్చేశాడు. వాళ్ళు లారీ మీద ఎక్కించుకు పోయిన రోజు సత్యనారాయణ ఆఫీసులో ఉన్నాడు. ఇంటికొచ్చి ఖాళీ పోర్టికో చూసి, చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

ఆ డ్రమ్ము మీద కూర్చుని వాడు ఆవిడకి ఏం చెప్పాడో తనకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆయన అడగాలని చాలాసార్లు అనుకున్నాడు. అడగలేదు.